తోమే కంచం, పారేసే ప్లేటు

పనమ్మాయి నాలుగు రోజులు ఊరెళ్తానందంటే చాలు, సాయంత్రానికల్లా "వచ్చేటప్పుడు ప్లేట్ల కట్ట ఒకటి పట్టుకురండి" అని ఫోన్ వస్తుంది. కిరాణా కొట్లో పాతిక కాగితం ప్లేట్లు డెబ్బై అయిదు రూపాయలు. ప్లేటు మూడు రూపాయలే కదా, తోమే బాధ తప్పింది అనుకుంటాం. నాలుగు రోజులకు అది పెద్ద లెక్క కాదు. కానీ ఈ మధ్య కొన్ని ఇళ్లలో, ముఖ్యంగా ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలోనూ కుర్రాళ్లు కలిసి ఉండే గదుల్లోనూ, ఆ కట్ట నెలవారీ సరుకుల చీటీలోకి ఎక్కింది. అప్పుడు లెక్క వెయ్యాల్సిందే.

ధరలు ఊరికో రకంగా ఉంటాయి. కింద వేసినవి లెక్క కోసం అనుకున్నవి, మీ వీధి చివరి కొట్టు ధరలు పెట్టుకుని మళ్లీ వేసుకోవచ్చు. నలుగురున్న ఇంట్లో రెండు పూటలకు ఎనిమిది ప్లేట్లు, అంటే రోజుకు 24 రూపాయలు. నెలకు 720, ఏడాదికి 8,760. ఇందులో టిఫిను ప్లేట్లు లేవు, మంచినీళ్ల గ్లాసులు లేవు, పెరుగన్నానికి రెండో ప్లేటు అడిగే పిల్లలు లేరు. మరో పక్క ఓ మాదిరి బరువున్న స్టీలు కంచం 175 రూపాయలనుకుంటే నాలుగు కంచాలకు 700. నెల రోజుల కాగితం ప్లేట్ల డబ్బు కూడా కాదు. పోనీ ఆ కంచం ఇరవై ఏళ్లే నిలిచిందనుకుందాం (మన ఇళ్లలో కంచాలు అంతకంటే ఎక్కువే బతుకుతాయి, పెళ్లినాడు పేరు కొట్టించి ఇచ్చినవి మనవల దాకా వస్తాయి). రోజుకు రెండు పూటల చొప్పున 14,600 భోజనాలు. భోజనానికి కంచం ఖర్చు పైసా పావు. అసలు లెక్కలోకి రానంత.

అయితే కంచాన్ని తోమాలి. వాదన మొదలయ్యేది ఇక్కడే.

ఈ వాదనను అంకెల్లోకి దించినవాళ్లలో కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త మార్టిన్ హాకింగ్ ముఖ్యుడు. 1991లో 'సైన్స్' పత్రికలో కాగితం కప్పునూ థర్మోకోల్ కప్పునూ పోల్చి, కాగితమే మంచిదన్న నమ్మకాన్ని కదిలించాడు. 1994లో ఇంకో అడుగు ముందుకేసి పింగాణీ, గాజు, గట్టి ప్లాస్టిక్ కప్పులను కూడా బరిలోకి దించాడు. ఆయన లెక్కలో పింగాణీ కప్పు ఒకటి తయారు కావడానికి 14 మెగాజౌళ్ల శక్తి కావాలి. గాజు కప్పుకు 5.5. కాగితం కప్పుకు 0.55, థర్మోకోల్ కప్పుకు కేవలం 0.20. ఇక పింగాణీ కప్పును వాడిన ప్రతిసారీ డిష్‌వాషర్‌లో కడగడానికి 0.18 మెగాజౌళ్లు.

ఆ చివరి రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. థర్మోకోల్ కప్పును కొత్తగా తయారు చేయడానికి 0.20, పింగాణీ కప్పును ఒకసారి కడగడానికి 0.18. కడిగిన ప్రతిసారీ మిగిలేది పిసరంత. ఆ పిసరు పిసరూ పోగై, తయారీలో పెట్టిన 14 మెగాజౌళ్లు తిరిగి రావాలంటే పింగాణీ కప్పును 1,006 సార్లు వాడాలని హాకింగ్ తేల్చాడు. కాగితం కప్పుతో పోలిస్తే మాత్రం 39 సార్లు చాలు. "కడిగి వాడుకోవడం కంటే పారేయడమే మేలట, సైన్సు చెప్పింది" అనే మాట అప్పటి నుంచీ రకరకాల రూపాల్లో తిరుగుతూనే ఉంది.

హాకింగ్ లెక్కలో తప్పేమీ లేదు. కానీ అది మన వంటింటి లెక్క కాదు.

ఆ 0.18 మెగాజౌళ్లలో సింహభాగం నీళ్లు కాచడానికే పోతుంది. నీళ్లు వేడెక్కడానికి మహా మొండివి. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 కిలోజౌళ్లు కావాలి. పాతిక డిగ్రీల కుళాయి నీటిని యాభై అయిదు డిగ్రీలకు తేవాలంటే లీటరుకు 126 కిలోజౌళ్లు. అదే లీటరు నీటిని మోటారు పెట్టి ఇరవై మీటర్ల ఎత్తున్న ఆరంతస్తుల మిద్దె మీది ట్యాంకులోకి ఎత్తడానికి, మోటారు సగానికి సగం శక్తిని వృథా చేసినా, అర కిలోజౌలు చాలు. రెండు వందల యాభై రెట్లు తేడా. ఇంకా దూరం పోదాం. హైదరాబాదు తాగే కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వస్తాయి. జలాశయం నిండినప్పుడు నీటిమట్టం 590 అడుగులు, అంటే సముద్ర మట్టానికి 180 మీటర్లు. నగరం అయిదు వందల మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. దారిలో నష్టాలన్నీ కలుపుకుని 400 మీటర్లు ఎత్తామనుకున్నా లీటరుకు పది కిలోజౌళ్లు దాటవు. గీజరు పన్నెండింతలు మింగుతుంది.

మనం చన్నీళ్లతో తోముతాం. కాబట్టి హాకింగ్ అంకెల్లో ఒక్క 0.18ని తీసేసి, లీటరు చన్నీళ్లకు 0.01 పెట్టి చూశాను. కాగితం కప్పుతో పింగాణీ కప్పు 26 వాడకాల్లో సమానమవుతుంది. థర్మోకోల్ కప్పుతో 1,006 కాస్తా 74కు పడిపోతుంది. కప్పు అదే, తయారీ అదే, మారింది నీటి వేడి ఒక్కటే. ముప్పై ఏళ్ల కిందటి అంకెలు కాబట్టి ఇవాళ్టి కార్ఖానాల్లో కొంత అటూ ఇటూ ఉండొచ్చు, కానీ మొగ్గు ఎటున్నదో చూడటానికి ఇది చాలు. స్టీలు కంచానికి ఇదే వరసలో చూస్తే, కిలో స్టెయిన్‌లెస్ స్టీలుకు సుమారు 50 నుంచి 60 మెగాజౌళ్లు పడతాయి. మూడు వందల యాభై గ్రాముల కంచం అంటే ఇరవైకి అటూ ఇటూ. కాగితం ప్లేటు బరువు, శక్తి కాగితం కప్పుకు దగ్గరగానే ఉంటాయనుకుంటే, రోజుకు రెండు పూటలా అన్నం తినే ఇంట్లో మూడు వారాలు దాటకుండానే ఆ అప్పు తీరిపోతుంది. ఆ తరువాత ఇరవై ఏళ్లూ లాభమే.

చన్నీళ్లతో జిడ్డు పోతుందా అని యూరప్‌వాళ్లు అడగొచ్చు, వాళ్ల సందేహం న్యాయమైనదే. చలికాలంలో వాళ్ల కుళాయి నీళ్లు పది డిగ్రీల దగ్గర ఉంటాయి, వాళ్లు తినే వెన్న, పంది కొవ్వు ఆ చలికి గడ్డకట్టి పింగాణీకి అతుక్కుంటాయి. మన వేరుశనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె మన నీళ్ల వేడికి ద్రవంగానే ఉంటాయి. నెయ్యి ఒక్కటే ముప్పై రెండు, ముప్పై ఆరు డిగ్రీల మధ్య కరిగే రకం, సంక్రాంతి రోజుల్లో కంచానికి పట్టుకుని సతాయిస్తుంది. సబ్బులోని అణువుకు ఒక కొస నీళ్లంటే ఇష్టం, ఇంకో కొసకు నూనెంటే ఇష్టం. నూనె ద్రవంగా ఉంటే ఆ రెండో కొస సులువుగా చొరబడి చిన్న చిన్న బిందువులుగా విడగొట్టి నీళ్లతో పంపించేస్తుంది. వెనకటి బూడిద చేసిన పనీ దాదాపు ఇదే. కట్టెల బూడిదలో పొటాషియం క్షారం ఉంటుంది, అది కంచం మీది నూనెలో కొంత భాగాన్ని అక్కడికక్కడే సబ్బుగా మార్చేస్తుంది, మిగతాది గరుకుతనంతో వదులుతుంది. ఇక మే నెలలో సంగతి చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం మిద్దె మీది నల్ల ట్యాంకు నుంచి వచ్చే నీళ్లలో చెయ్యి పెట్టలేం. కరెంటు బిల్లు లేని గీజరు అది.

శక్తి విషయం అలా తేలింది. నీళ్ల విషయం అంత తేలిగ్గా తేలదు.

జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక ప్రయోగం చేశారు. యూరప్‌లోని వేర్వేరు దేశాలవాళ్లను పిలిచి, పన్నెండు మంది భోంచేసిన సామాన్లు చేతికిచ్చి, ఇంట్లో ఎలా కడుగుతారో అలాగే కడగమన్నారు. సగటున 103 లీటర్లు వాడారు. యంత్రం అదే పనిని 15 నుంచి 22 లీటర్లలో ముగించింది. డిష్‌వాషర్ అమ్మేవాళ్లు మనకు చెప్పే కథ ఇదే. వాళ్లు చెప్పని కథ అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం 2020లో ప్రచురించింది. కుళాయి తిప్పి వదిలేసి కడిగితే యంత్రమే నయం. కానీ ఒక తొట్టిలో సబ్బు నీళ్లు, ఇంకో తొట్టిలో జాడించే నీళ్లు పెట్టుకుని కడిగితే కర్బన ఉద్గారాల్లో యంత్రం కంటే చెయ్యే మెరుగు. మన పెరళ్లలో గిన్నెలు తోమే తీరు సరిగ్గా అదే కదా. దొడ్లో పీట వేసుకుని, ముందుగా అన్నీ తోమి పక్కన పేర్చి, ఒక బేసిన్లో ఒకసారి, బకెట్లో ఇంకోసారి జాడించి బోర్లించడం. ఆ చివరి జాడింపు నీళ్లు అరటి చెట్టు మొదట్లోకి. అపార్టుమెంటు సింకు వచ్చాక, నిలబడి కుళాయి కింద ఒక్కొక్కటే కడగడం అలవాటయ్యాక ఈ పొదుపు పోయింది.

ఎంత పోయిందో చూద్దాం. మామూలు కుళాయి నిమిషానికి ఆరు లీటర్ల పైనే వదులుతుంది. కంచానికి అర నిమిషం ధార వదిలితే మూడు లీటర్లు. బేసిన్లో జాడిస్తే కంచం వాటాకు అర లీటరు చాలు. హైదరాబాదులో ఇంటికి నెలకు 20,000 లీటర్ల దాకా నీళ్లు ఉచితం కాబట్టి ఈ తేడా బిల్లులో కనిపించదు. కానీ బోరు ఎండి, అయిదు వేల లీటర్ల ట్యాంకరు వెయ్యి రూపాయలకు తెప్పించుకునే కాలనీలో లీటరు ఇరవై పైసలు. అక్కడ కుళాయి కింద కడిగిన కంచానికి నీళ్ల ఖర్చే అరవై పైసలు, బేసిన్లో కడిగితే పది. సబ్బు, పీచు కలిపి ఇంకో పదో పదిహేనో పైసలు వేసుకోండి. కంచం సొంత ఖర్చు భోజనానికి పైసా పావైతే, ఎంత పొదుపుగా కడిగినా కడుగుడు ఖర్చు దానికి పదింతల పైమాటే. కుళాయి కిందైతే అరవై ఇంతలు. స్టీలు ధర పెరిగిందని కొట్టువాడితో బేరమాడే మనం కుళాయి తిప్పేటప్పుడు ఆ ఆలోచనే చెయ్యం.

నీళ్ల కరవు ఉన్నచోట కాగితం ప్లేటే నయం అనే వాదన కూడా వింటుంటాం. ఎండాకాలం చెన్నైలోనో, మన అనంతపురం పల్లెల్లోనో అది అర్థం లేని మాటేమీ కాదు, బిందెడు నీళ్లు దొరకని రోజున ఎవరూ ఇన్ని లెక్కలు వెయ్యరు. అయితే కాగితం కూడా నీళ్లలోంచే పుడుతుంది. గుజ్జు ఉడికించి, కడిగి, తెల్లబరచి, జల్లెడ మీద పరిచేదాకా కిలో కాగితానికి పదుల లీటర్ల నీళ్లు కావాలి. యాభై లీటర్లనుకుంటే పది గ్రాముల ప్లేటుకు అర లీటరు. బేసిన్లో కంచం జాడించే నీళ్లంత. ఆ నీళ్లు మన కుళాయివి కావు, మిల్లు పక్కన పారే నదివి, అంతే తేడా.

ఆ ప్లేటును చేత్తో తీసుకుని ఒక అంచు చింపి చూడండి. చిరిగిన చోట పీచు పీచుగా కాగితం కనిపిస్తుంది, దాని మీద సన్నని పొర ఒకటి సాగి, ఆలస్యంగా తెగుతుంది. అది పాలిథిన్. కాగితంలోని సెల్యులోజుకు నీళ్లంటే ప్రాణం, పొర లేకపోతే సాంబారు పోసిన రెండు నిమిషాల్లో ప్లేటు మెత్తబడి కూలిపోతుంది. ఆ పొర వల్లే అది పాత కాగితాల్లోనూ కలవదు, పెంటకుప్పలో మట్టిలోనూ కలవదు. పెళ్లిళ్లలో వాడే వెండి రంగు ప్లేటు మీద మెరిసేది కూడా ప్లాస్టిక్ పొరే. 2022 జులై 1 నుంచి దేశమంతా ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు నిషేధించారు గానీ కాగితం వేషంలో ఉన్న ఈ పొర జోలికి ఆ జాబితా పోలేదు. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు కాగితం కప్పుల్లో 85, 90 డిగ్రీల వేడి నీళ్లు పోసి పావుగంట ఉంచితే, వంద మిల్లీలీటర్లలోకి దాదాపు పాతికవేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగాయి. అవి ఒంట్లో ఎంత కీడు చేస్తాయన్నది ఇంకా తేలాల్సిన ప్రశ్నే. పొగలు కక్కే అన్నం మీద వేడి పప్పు పోసుకునే వాళ్లం మాత్రం ఆ ప్రశ్న తేలేదాకా ఆగక్కర్లేదనుకుంటాను.

స్టీలు కంచానికీ ఓ పొర ఉంది, కానీ అది ఎవరో పూసింది కాదు. స్టీలులో కలిపిన క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కొద్ది నానోమీటర్ల మందాన తెర కట్టుకుంటుంది. పీచుతో గీరితే పోతుంది, వెంటనే మళ్లీ కట్టుకుంటుంది. ఇరవై ఏళ్లు తోమినా కంచం తుప్పు పట్టకపోవడంలో కిటుకు అదే. దానికి శత్రువు ఉప్పు. ఆవకాయ కలిపిన కంచాన్ని రాత్రంతా సింకులో వదిలేస్తే ఉప్పులోని క్లోరైడు ఆ తెరను చుక్కలు చుక్కలుగా తినేస్తుంది, పొద్దున కనిపించే సన్నటి మచ్చలు అవే. కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడమని చాలామంది సలహా ఇస్తారు. అది సగమే పనికొస్తుంది. నికెల్ ఎక్కువగా ఉండే 304 రకం అయస్కాంతానికి అంటుకోదు, నిజమే. కానీ నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవక 202 రకం కూడా అంటుకోదు. ఆ రెంటినీ విడదీయడం అయస్కాంతం వల్ల కాదు. అంకె చెక్కి ఉందో లేదో చూసుకోవాలి, లేదా నమ్మకమైన కొట్లో కొనాలి.

మరి విస్తరాకు? పారేసే పళ్లేల్లో పెద్దముత్తైదువ అదే. అరిటాకు మీద మైనపు పొర సహజంగానే ఉంటుంది, నీళ్లు చిలకరిస్తే ముత్యాల్లా జారిపోయేది అందుకే. మోదుగాకు, పాడేరు, అరకు కొండల్లో కోసే అడ్డాకు ఎండినా గట్టిగా ఉంటాయి. శక్తి లెక్కలో వీటికి పోటీ లేదు. ఎండే వాటి కార్ఖానా. కానీ వీటిని ఉచితమనుకోవడం మన అలవాటైన మర్చిపోవడం. ఎండుటాకుల కట్ట విప్పి, తడి చేసి మెత్తబరిచి, ఈనెపుల్లలు చిన్నగా విరిచి, ఒక ఆకు అంచు ఇంకో ఆకు కిందికి వచ్చేలా గుండ్రంగా కుట్టుకుంటూ పోవాలి. ఏడెనిమిది ఆకులు పడితే గానీ ఒక విస్తరి కాదు. వెనకటి ఇళ్లలో ఆడవాళ్ల మధ్యాహ్నాలు దీనికే పోయేవి. కంచానికైతే తిన్నాక చాకిరీ, విస్తరికి తినకముందే చాకిరీ. ఇప్పుడు కొట్లో దొరికే విస్తర్లను యంత్రం మీద అచ్చు వేస్తున్నారు. కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి. ఆకు కింద అట్టో, దాని మీద ప్లాస్టిక్ కాగితమో అంటించి ఉంటే అది పైకి మాత్రమే విస్తరి.

చాకిరీ దాకా వచ్చాం కాబట్టి అసలు పద్దు తెరుద్దాం. కాగితం ప్లేట్లు కొనేవాళ్లు డబ్బు మిగులుతుందని కొనరు. తోమలేక కొంటారు. మరి ఎంత తోముడు తప్పుతోంది? కంచానికి అర నిమిషం చొప్పున ఎనిమిదింటికి రోజుకు నాలుగు నిమిషాలు. ఏడాదికి దాదాపు ఇరవై నాలుగు గంటలు. 8,760 రూపాయల్లోంచి కంచాలు కడిగే నీళ్లకూ సబ్బుకూ అయ్యే ఖర్చు, కంచానికి అర్ధరూపాయి చొప్పున, 1,460 తీసేస్తే 7,300 మిగిలింది. అంటే కంచాలు తోమకుండా ఉండటానికి గంటకు మూడు వందల రూపాయలు కడుతున్నాం. గిన్నెలు తోమే మనిషికి గంటకు అందులో సగం ఇవ్వమన్నా మనం బేరమాడతాం.

పైగా కంచాలు సింకులో తేలికైన పని. అన్నం గిన్నె, పప్పు కుక్కరు, దాని రబ్బరు, ఇగురు అడుగంటిన మూకుడు, పాల గిన్నె, మిక్సీ జారు. వీటిల్లో ఏ ఒక్కదాన్నీ కాగితం ప్లేటు తప్పించదు. పావుగంట ఆ మూకుడు దగ్గరే పోతుంది. కాగితం ప్లేట్లు వాడే ఇంట్లో కూడా సింకు నిండే ఉంటుందన్నది తోమేవాళ్లకు తెలుసు, తినేసి లేచి వెళ్లేవాళ్లకు తెలియకపోవచ్చు. 2019లో జరిగిన జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు వాటికి వెచ్చిస్తే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. ఆ 299లోంచి నాలుగు నిమిషాలు తగ్గించడానికి ఏడాదికి ఏడు వేలు పెట్టడం కంటే, ఎవరి కంచం వాళ్లు తోముకోవడం చవక. ఇది ఆదర్శం చెప్పడానికి అనడం లేదు, పద్దు అలా ఉంది.

విందుల సంగతి వేరు. ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి అరవై మంది వస్తే లెక్క దాదాపు సరిసమానంగా నిలుస్తుంది. మనిషికి ప్లేటు, రెండు మూడు గ్లాసులు కలిపి ఎనిమిది రూపాయలనుకుంటే 480. టెంట్ హౌస్ నుంచి స్టీలు ప్లేట్లు తెచ్చి, కిరాయీ తోమే మనిషి కూలీ ఇస్తే అంతో, ఇంకాస్త ఎక్కువో అవుతుంది. ఏడాదికోసారి వాడటానికి అరవై కంచాలు కొని అటక మీద పెట్టుకోవడమూ తెలివైన పని కాదు. అవి ముప్పై ఏళ్లలో ముప్పై సార్లే వాడకంలోకి వస్తాయి. సిద్దిపేట ప్రాంతంలో మొదలైన స్టీలు బ్యాంకులు పట్టుకున్నది ఈ కిటుకునే. ఊరందరికీ కలిపి ఒకే సెట్టు ఉంచి, విందు ఉన్న ఇల్లు తీసుకెళ్లి కడిగి తిరిగి ఇచ్చేస్తే, అదే కంచం ఏడాదికి ఒకసారి కాక వారానికోసారి వాడకంలో ఉంటుంది. నలుగురు తోటికోడళ్లో, అపార్టుమెంటు సంఘమో కలిసినా ఇదే పని చేసుకోవచ్చు. అది కుదరని చోట, వెనక ప్లాస్టిక్ లేని అడ్డాకు విస్తరి పెట్టడానికి సంకోచించాల్సింది ఏమీ లేదు.

ఇక పద్దులో చివరి గీత ఒకటి మిగిలింది. వాడేసిన కాగితం ప్లేట్లు, మెతుకులూ పులుసూ అంటుకుని, రోజూ చెత్త బండి ఎక్కుతాయి. వాటిని మోసే ఖర్చు ఇంటి పన్నులోనో చెత్త రుసుములోనో మన మీదే పడుతుంది. సొట్టలు పడ్డ స్టీలు కంచాన్ని తీసుకుని కొట్టుకు వెళ్తే తూకం వేసి కిలోకింత అని లెక్క కట్టి, కొత్త దాని ధరలో తగ్గిస్తారు. కొట్టువాడు చేసే మొదటి పని కంచం తిప్పి, అంచున కొట్టించిన పేరూ తేదీ చదవడం.